గాదె గోడ మీద సుద్దగీత

ఈ కథ నా చెవిన ఎప్పుడు పడిందో నిశ్చయంగా చెప్పలేను. విన్నానో, ఎక్కడైనా చదివానో, లేక విన్నదానికీ ఊహించినదానికీ మధ్య ఉన్న కంచె ఇన్నేళ్ళలో కూలిపోయి రెండూ కలిసిపోయాయో తెలియదు. వాగులో చెలమలు తవ్వింది అడవిపందా, ముళ్ళపందా అన్న సందేహం కూడా చాలాకాలం ఉండేది. ఆలోచించగా అడవిపందే అయి ఉండాలని తోచింది. ఇందులో అది అనే మాటలు ముళ్ళపంది నోట ఇమడవు. ఎద్దు అన్న మాటలు మాత్రం నాకు బాగానే జ్ఞాపకం ఉన్నాయనుకుంటాను.

రాళ్ళవాగు ఒడ్డున ఒక అడవి ఉండేది. వానాకాలంలో ఆ వాగు దాటడానికి ఏనుగు కూడా జంకేది. మాఘం వెళ్ళేసరికి అందులో ఇసుక తప్ప మరేమీ మిగిలేది కాదు. నీళ్ళు ఇసుక అడుగున దాగి ఉండేవి. చెలమ తవ్వితే ఊరేవి, తవ్వకపోతే లేవు. ఫాల్గుణం నుంచి తొలకరి దాకా అడవి మొత్తం ఆ చెలమల నీళ్ళ మీదే బతికేది.

తవ్వే పని అడవిపంది మందది. ముట్టెతో ఇసుక పెళ్ళగించడం, కూలిన ఒడ్డును మళ్ళీ నిలబెట్టడం, నీరు దిగిపోతే ఇంకా లోతుకు పోవడం. పొద్దు పొడిచింది మొదలు ఇదే పనిలో ఉంటే వాటికి మేత వెతుక్కోవడానికి తీరిక ఉండదు. అందుచేత వాటి తిండికి అడవి అంతా కలిసి ఒక ఏర్పాటు చేసుకుంది. ప్రతి కుటుంబం తాను సేకరించిన దానిలో ఐదింట ఒక పాలు తెచ్చి ఉమ్మడి గాదెలో పోయాలి. అడవి చామలు, ఎండబెట్టిన ఇప్పపువ్వు, రేగుపళ్ళు, సారపప్పు, ఎవరికి దొరికింది వారు తెచ్చేవారు. గాదె అంటే ఒక కొండ తొర్ర. దాని ముందు రాళ్ళు పేర్చి గోడ కట్టారు. కాపలా ముసలి ఎద్దుది. ఊళ్ళో నాగలి లాగి లాగి, ఇక లాగలేని వయసులో అడవికి వచ్చి చేరిన ఎద్దు అది. అందరికీ తాత.

మొదట్లో గాదె మీద పెద్దరికం ఎలుగుబంటిది. గాదె నిండేకొద్దీ దాని బంధువులు పెరిగారు. పంటలు బాగా పండిన ఏళ్ళలో పక్క కొండ నుంచి కూడా మేనమామలు వచ్చి, నెలల తరబడి విందులు ఆరగించి వెళ్ళేవారు. చివరికి అందరూ కలిసి ఎలుగును వాగు అవతలికి సాగనంపారు. అప్పుడే నక్క ఒక నియమం ప్రతిపాదించింది. ఆనాడు అది చెప్పిన మాటలో తప్పేమీ లేదని ఇక్కడే ఒప్పుకోవడం న్యాయం.

"గాదెలో ఎంత ఉంటే అంతకూ ఖర్చు పుట్టుకొస్తుంది," అన్నది నక్క. "కనుక దానికొక హద్దు పెడదాం. ఈ ఏడు గింజలు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద సుద్దతో గీత గీద్దాం. వచ్చే ఏడు ఆ గీతకు గిట్టెడు, అంటే ఎద్దు గిట్ట ఎత్తు, పైదాకా నింపుదాం. అంతకు మించి వచ్చింది, ఇచ్చినవాళ్ళకే తిరిగి పంచేద్దాం. ఏటా గాదె ఎంత నిండితే అక్కడ కొత్త గీత."

ఉడుత తోక ఆడించింది. "మా గింజలు మాకే తిరిగొస్తాయా మామా?"

"నీ గింజలు కాక నా గింజలిస్తానా తల్లీ?"

అందరూ నవ్వి ఒప్పుకున్నారు. పంచేటప్పుడు కొలిచేవారు ఒకరుండాలి కదా. ఆ శ్రమ నక్కే తీసుకుంది. మోదుగాకు దొప్పతో కొలిచి, పంచిన పది దొప్పలకు ఒక దొప్ప కూలిగా ఉంచుకునేది. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. అలా కొన్నేళ్ళు చల్లగా సాగింది. వానలు పడేవి, గీత ఎద్దు మూపురం ఎత్తుకు చేరింది. మార్గశిరంలో మిగులు పంచే రోజు పండుగలా ఉండేది. ఉడుతలు కొత్త గూళ్ళు కట్టుకునేవి. నక్క కూడా కాస్త ఒళ్ళు చేసింది.

ఆ తరువాత ఒక ఏడు వానలు మొహం చాటేశాయి.

చామలు పొట్టకు రాకుండానే ఎండిపోయాయి. సారచెట్లు ఆకు రాల్చాయి. ఐదింట ఒక పాలు అందరూ నిజాయితీగానే తెచ్చారు. కానీ తెచ్చిందే పిడికెడు అయితే అందులో ఐదో పాలు ఎంత ఉంటుంది? గాదె ఎద్దు మోకాలి దగ్గర ఆగిపోయింది. పంచడానికి మిగులు లేదు కనుక ఆ ఏడు పండుగ లేదు. నక్క సుద్దముక్క తీసుకుని, ఎప్పటిలాగే, గింజలు ఆగిన చోట గీత గీసింది. గింజలు లేవన్న దిగులులో గీత గురించి ఎవరు ఆలోచిస్తారు? ఎద్దు మాత్రం ఆ గీత ముందు కాసేపు నిలబడి నెమరు వేసింది. ఏదో తప్పు జరిగిందని దానికి అనిపించింది. ఏమిటో అప్పటికి అంతుపట్టలేదు.

ఆ వేసవిలో నీరు ఎప్పుడూ లేనంత అడుక్కి పోయింది. మామూలు ఏళ్ళలో నిలువెత్తు తవ్వితే ఊరే చెలమ, మూడు నిలువులు తవ్వినా తడి చూపలేదు. పని మూడింతలయింది, తిండి మూడో వంతుకు తగ్గింది. వైశాఖంలో ఒకనాడు పంది గాదె ముందుకు వచ్చి నిలబడింది. మంద మొత్తానికి అదే పెద్ద.

"తాతా, ఈ పూట గింజలు?"

"నిన్నటితో ఊడ్చేశానమ్మా."

"ఊడ్చిన దుమ్ములో ఏమైనా ఉన్నాయేమో చూడు."

"అదే నిన్న నీకు పెట్టింది."

పంది వాగు ఇసుక కేసి ముట్టె చూపింది. "పని తక్కువున్నప్పుడు కడుపు నిండా పెట్టారు. పని నెత్తిన పడ్డప్పుడు ఖాళీ గాదె చూపిస్తున్నారు. ఇదెక్కడి లెక్క తాతా?"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను."

"నువ్వు నెమ్మదిగా ఆలోచించు. మేము ఈలోగా వేళ్ళు తవ్వుకు తింటాం."

చెప్పినట్టే మంద అడవిలోకి చెదిరిపోయింది. పన్నెండు చెలమలలో తొమ్మిది పూడిపోయాయి. మిగిలిన మూడింటి దగ్గర జింకలూ దుప్పులూ కుందేళ్ళూ తోసుకున్నాయి. ఎలాగో మృగశిర వచ్చింది, ఆ వెనుకే వాన వచ్చింది.

ఆ వాన మామూలు వాన కాదు. బాకీ పడ్డదంతా ఒక్కసారే తీర్చినట్టు కురిసింది. అడవి చామలు గుత్తులు గుత్తులుగా వేలాడాయి. రేగు కొమ్మలు బరువుకు వంగి నేలను తాకాయి. మార్గశిరంలో అందరూ బుట్టలతో, బరువుతో, ఉత్సాహంతో గాదె దగ్గరకు బయలుదేరారు. తెచ్చిన పాలు గాదె ముందు చిన్న గుట్టలా పేరుకుంది.

నక్క లోపలికి వెళ్ళి, గోడ చూసి, తీరికగా బయటకు వచ్చింది.

"గీత మోకాలి దగ్గర ఉంది. దాని పైన గిట్టెడు. అంతవరకు పోయండి. మిగిలిందంతా పంపకం." దొప్ప దులిపి చేత పట్టుకుంది. "ఇంత పెద్ద పంపకం నా ఎరుకలో లేదు. అందరూ వరసలో రండి."

ఉడుత ఆనందంతో బండ ఎక్కి దిగింది. కుందేళ్ళు వరస కట్టాయి. అప్పుడు పంది ముందుకు వచ్చి వరసకు అడ్డంగా నిలబడింది.

"మరిదీ, ఒక్కమాట. మోకాలి ఎత్తు గింజలు ఎన్నాళ్ళొస్తాయో పోయినేడు చూశాం."

"నియమం వదినా. నేనేం చేయను?"

"నువ్వేం చేయకు. నేనే చేస్తాను. ఈ గుట్ట పంచేసిన మర్నాడే నా మందను తీసుకుని చెరకు తోటల వైపు పోతాను."

చెరకు తోటల చుట్టూ ఉచ్చులుంటాయి. ఆ వైపు వెళ్ళిన పందుల్లో సగం తిరిగి రావు. ఆ సంగతి అందరికంటే పందికే బాగా తెలుసు.

"బెదిరిస్తున్నావా అత్తా?" అని ఉడుత మెల్లగా అడిగింది.

"బెదిరింపు కాదే. ఉచ్చులో చస్తే ఒకళ్ళిద్దరం చస్తాం. ఇక్కడ ఆకలితో మూడు నిలువుల గోతిలో దిగితే, ఒడ్డు కూలి అందరం చస్తాం. రెండూ తూచి చూసుకున్నాను."

"గీత ఏటా గిట్టెడు పెరుగుతూనే ఉంటుందిగా," అన్నది నక్క. "ఓపిక పట్టు."

"మూపురం దాకా రావాలంటే ఎన్ని గిట్టలు?"

ఉడుత చకచకా గోడ పాకి వచ్చి చెప్పింది. "పదహారు."

"పదహారేళ్ళు. అదీ మధ్యలో మళ్ళీ కరువు రాకపోతే. వస్తే మళ్ళీ మోకాలి నుంచే." పంది నక్క వైపు తిరిగింది. "పదహారేళ్ళు బతికిన పందిని ఎక్కడైనా చూశావా మరిదీ?"

కుందేళ్ళలో ఒకటి గొణిగింది. "మరి గీత చెరిపేస్తే? మళ్ళీ ఎలుగు మేనమామలు రారా?"

"ఆ భయం నాకూ ఉంది," అన్నది ఉడుత. "నేను కొమ్మ కొమ్మా తిరిగి తెచ్చిన గింజలు. నాకు గీత కావాలి."

ఎద్దు గాదె వాకిట నుంచి ముందుకు వచ్చింది. నెమరు ఆపింది. ఆ ఎద్దు నెమరు ఆపిందంటే అందరూ వినేవారు.

"ఉడుత అన్నది నిజమే. గీత ఉండాల్సిందే," అన్నది. "అల్లుడూ, నీ నియమం మీద నాకు గౌరవం ఉంది. సరిగా అర్థమైందో లేదో చెప్పు. ఉమ్మడి గింజల్లోంచి ఎవరికైనా ఈ ఏడు ముట్టేది, పోయినేడు ముట్టినదానికంటే గిట్టెడుకు మించి పెరగకూడదు. అంతేనా?"

ఎద్దు అంటున్నది పంది మేత గురించేననుకుంది నక్క. "అంతే తాతా. బాగా చెప్పావు."

"ఎవరికైనా?"

"ఎవరికైనా."

"తవ్వేవాళ్ళకైనా, కాపలా ఉన్న నాకైనా?"

"నియమం అంటే అందరికీ ఒకటే. ఒకరికి సడలిస్తే అది నియమమే కాదు."

"సరే." ఎద్దు గుట్ట కేసి చూసింది. "ఈ పంపకానికి నీ కూలి ఎంతవుతుంది?"

నక్క వినయంగా నేల చూసింది. "పదికి ఒకటి కదా. లెక్క వేయలేదు."

"నలభై దొప్పలు," అన్నది ఉడుత వెంటనే.

"పోయినేడు ఎంత పుచ్చుకున్నావు?"

"పోయినేడు పంపకమే లేదుగా తాతా."

"అంటే ఒక్క దొప్ప కూడా లేదు."

"లేదు."

"అయితే ఈ ఏడు నీ కూలి గిట్టెడు. దొప్పలో ఒక మూలకు వస్తుందేమో. నలభై దొప్పలు మనం గుట్టలోనే ఉంచుదాం."

కుందేళ్ళ వరసలో నవ్వు పాకింది. నక్క చెవులు వెనక్కి వాలాయి.

"అదేం మాట తాతా? కరువు ఏడును పట్టుకుని కొలుస్తారా? ఆ ఏడు ఎవరికి మాత్రం ఏం వచ్చింది? అదీ ఏళ్ళలో జమా?"

"మరి దేన్ని పట్టుకోవాలి?" అని ఎద్దు అడిగింది. నిజంగా తెలుసుకోగోరినట్టే అడిగింది.

"మామూలు ఏళ్ళను పట్టుకోవాలి. కరువుకు ముందు ఎంత వచ్చేదో అదీ కొలత. ఒక్క ఏడు ఎండిపోయిందని, దాని తరువాతి ఏళ్ళన్నిటినీ దాని కొలతకే కోసుకుంటూ పోతామా? పని ఎక్కువైంది. ఇంత గుట్ట కొలవాలి. ఒక ఏడు గింజలు తగ్గాయని నా కడుపు తగ్గిపోతుందా?"

"మా కడుపులూ తగ్గలేదు మరిదీ," అన్నది పంది.

నక్క దొప్పను నేల మీద పెట్టింది. తాను ఎక్కడికి వచ్చి నిలబడిందో దానికి అప్పుడు తెలిసింది. అడవిలో అంత తెలివైన జంతువు మరొకటి లేదు కనుక అందరికంటే ముందు దానికే తెలిసింది.

"నక్క మామ చెప్పింది నాకు నచ్చింది," అన్నది ఉడుత నెమ్మదిగా. "కరువు ఏడును కొలతగా పెట్టుకోకూడదు. అదే మాట గాదెకూ వర్తిస్తుంది కదా తాతా?"

"నేను ఏడాదిగా నమిలినది అదేనమ్మా. అల్లుడు ఒక్క ఊపిరిలో చెప్పేశాడు."

ఆ తరువాతి మాటలు పొద్దు వాలేదాకా సాగాయి. ఎవరూ పూర్తిగా గెలవలేదు. అందుకే కాబోలు ఆ ఒప్పందం నిలిచింది. గీత ఉండాలి, కానీ కరువు ఏడు అది కిందికి దిగకూడదు. గాదె ఎంత తగ్గినా గీత మాత్రం పాత చోటే ఉంటుంది. కనుక మోకాలి గీతను చెరిపి, మూపురం ఎత్తు గీతనే మళ్ళీ నిలిపారు. గీతకు పైన వచ్చినదంతా ఒకేసారి పంచకుండా, సగం పక్క తొర్రలో పోయాలి. దానికి కరువు గాదె అని పేరు పెట్టారు.

"అది నిండాక?" అని ఉడుత అడిగింది. ఆ రోజు అది వదిలిపెట్టేలా లేదు.

"నిండాక మిగులంతా మీదే," అన్నది ఎద్దు. "ఎప్పటిలాగే పండుగ."

"దాన్ని ఎవరు తెరుస్తారు? పెద్దరికం చేసేవాళ్ళకు ఆకలైనప్పుడల్లా తెరుచుకోదుగా?"

"నువ్వే చెప్పు."

ఉడుత ఆలోచించింది. "మాఘం నాటికే వాగు ఇసుక తేలితే తెరవాలి. తేలకపోతే ఎవరడిగినా తెరవకూడదు. మూతికి మట్టి మేము మెత్తుతాం. మా గోళ్ళ గుర్తులు దాని మీద ఉంటాయి. చెదిరితే మాకు తెలుస్తుంది."

"నేను కూడా ముట్టకూడదా?" అని ఎద్దు అడిగింది.

"నువ్వు కూడా తాతా. నీమీద కోపం కాదు."

ఎద్దు సంతోషంగా తల ఊపింది. నక్క గొంతు సవరించుకుంది. "కరువు గాదెలోకి కొలిచి పోసినందుకు పదికి ఎంత?"

"దానికి కూలి లేదు మామా," అన్నది ఉడుత. "అది పంపకం కాదుగా."

పంది పగలబడి నవ్వింది. ఆ అడవిలో పంది అలా నవ్వి ఏడాది దాటింది. మందను చెరకు తోటల వైపు మళ్ళించలేదు. నక్కకు చివరికి పద్దెనిమిది దొప్పలు ముట్టాయి. ఉడుతకు అనుకున్నదానిలో సగమే చేరింది. ఆ సగాన్నే అది మూడు చెట్లలో దాచుకుంది.

కరువు గాదె నిండడానికి మూడేళ్ళు పట్టింది. నాలుగో ఏట పండుగ మళ్ళీ పూర్తిగా జరిగింది. ఆరో ఏట, పుష్యం వెళ్ళకముందే, రాళ్ళవాగులో ఇసుక తేలింది. ఉడుతలు స్వయంగా వచ్చి మట్టి మూత గీకేశాయి. ఆ వేసవి ఎండలు మునుపటి కరువుకు తీసిపోలేదు. గింజలూ అలాగే తగ్గాయి. కానీ చెలమల దగ్గర పొద్దున్నే పందుల రొద వినిపించేది. మూడు నిలువుల లోతున తడి తగిలిందని ఒకటి అరిస్తే, ఒడ్డున ఉన్నవి గుర్రుమనేవి. నీళ్ళు బురదగానే ఉండేవి, కానీ ఉండేవి. జింకలు తోసుకోకుండా తాగి వెళ్ళేవి. కరువు గాదెలో తొలకరి నాటికి ఇంకా రెండు బుట్టల ఇప్పపువ్వు మిగిలింది. దాన్ని ఏం చేయాలో తెలియక కొంతసేపు అందరూ సంతోషంగా పోట్లాడుకున్నారు.

నక్క కూడా ఆ చెలమల్లోనే నీళ్ళు తాగింది. తాగి, మూతి తుడుచుకుని, కొత్తగా అడవికి వచ్చిన వారెవరైనా పక్కన ఉంటే, "కరువు ఏడును కొలతగా పట్టుకోకూడదని మొట్టమొదట అన్నది నేనే, తెలుసా?" అని చెప్పేది. అప్పుడు ఎద్దు అటుగా వెళుతూ ఉంటే ఆగి, "అవును నాయనా, అల్లుడే అన్నాడు," అనేది. అది అబద్ధం కాదు కనుక నక్క తల ఊపి తన దారిన పోయేది.

కలిగిన ఏడాది ఎంత పంచుకోవచ్చో, లేని ఏడాదిని తలచుకుని తేల్చుకోవాలి. లేని ఏడాదిని కొలబద్దగా పట్టుకుని కాదు.

చెప్పవలసినది ఒకటి నేను చెప్పలేదు. మొదటి కరువు వేసవిలో ఆ మూడు చెలమల దగ్గర ఎవరెవరు పడి ప్రాణం విడిచారో, పడినవారిలో పంది మందవి ఎన్నో కథలో ఉంది. ఒక్కొక్కదాన్నీ వరసగా చెబుతుంది. దాన్ని నేను కావాలనే వదిలేశాను. అది చెప్పి ఉంటే నక్క నోరు తెరవగానే మీరు దాన్ని వినడం మానేసేవారు. ఆ అడవికి దారి చూపిన మాట దాని నోటి నుంచే రావలసి ఉంది.